గేమ్స్ తయారీకి ఏ లాంగ్వేజ్? వేగం కావాలా, పని త్వరగా తెమలాలా

పదో తరగతి పరీక్షలు అయిపోయి ఫలితాల కోసం చూస్తున్న రోజుల్లో చాలా ఇళ్లలో ఒక వాదన మొదలవుతుంది. "అబ్బా, నేను గేమ్స్ తయారు చేస్తా" అంటాడు కొడుకు. ఆడడం చాలక ఇప్పుడు తయారు చేయడం కూడానా అని అమ్మీ కసురుకుంటుంది. సరే, ఎవరినైనా అడుగుదామని ఇంజనీరింగ్ చదివిన మామూనో, పక్కింటి సాఫ్ట్‌వేర్ భాయినో అడిగితే అసలు గందరగోళం అక్కడ మొదలవుతుంది. ఒకరు సీ ప్లస్ ప్లస్ రాకపోతే గేమ్స్ ఫీల్డులో అడుగే పెట్టలేమంటారు. ఇంకొకరు అదంతా పాత మాట, సీ షార్ప్ చాలంటారు. యూట్యూబ్ తెరిస్తే పైథాన్‌తో పది నిమిషాల్లో గేమ్ చేసి చూపిస్తారు. కోచింగ్ సెంటర్ వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. తమ దగ్గర ఏది నేర్పుతారో అదే గొప్పది.

వీళ్లెవరూ పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో రకం గేమ్‌ను, ఒక్కో రకం ఉద్యోగాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. కానీ కోర్సు ఫీజు, లాప్‌టాప్ ఖర్చు, అన్నిటికంటే ముఖ్యంగా పిల్లల ఒకటి రెండేళ్ల కాలం ఈ నిర్ణయం మీద ఆధారపడి ఉన్నప్పుడు, దీని వెనక లెక్క ఇంట్లో పెద్దవాళ్లకు కూడా కొంత తెలిసి ఉండాలి. ప్రోగ్రామింగ్ రాని వాళ్లకూ అర్థమయ్యే లెక్కే ఇది.

సెకనుకు 60 సార్లు వచ్చే గడువు

తెర మీద కదులుతున్నట్టు కనిపించే గేమ్ నిజానికి ఒకదాని వెనక ఒకటి గీసే బొమ్మల వరుస. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. మామూలుగా సెకనుకు 60 ఫ్రేములు రావాలని చూస్తారు. అంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 30 ఫ్రేములు చాలనుకుంటే 33 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 120 కావాలంటే 8 పైచిలుకు మాత్రమే. ఆ కాస్త సమయంలోనే ఆడేవాడి వేలు ఎక్కడ తగిలిందో చూడాలి, ఎదుటి బొమ్మలు ఎటు నడవాలో తేల్చాలి, బంతి గోడకు తగిలిందా లేదా లెక్కగట్టాలి, శబ్దం కలపాలి, ఆఖరున బొమ్మ గీయాలి.

రంజాన్‌లో ఇఫ్తార్ ఏర్పాట్లు గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మగ్రిబ్ వేళకు ఖర్జూరాలు, నీళ్లు, పండ్లు, పకోడీలు అన్నీ దస్తర్‌ఖాన్ మీద ఉండాలి. పకోడీలు ఎంత రుచిగా కుదిరినా, పది నిమిషాలు ఆలస్యమైతే అందరూ నమాజుకు లేచిపోతారు. గేమ్‌లో అలాంటి గడువు సెకనుకు 60 సార్లు వస్తుంది. ఒక్కటి తప్పినా బొమ్మ ఝటక్కుమని ఆగి కదులుతుంది. దీన్నే పిల్లలు "లాగ్ అవుతోంది" అంటారు. (ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నా అదే మాట అంటారు, అది వేరే సమస్య.)

బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ అర సెకను ఆలస్యంగా కనిపిస్తే ఎవరూ పట్టించుకోరు. గేమ్‌లో అర సెకను అంటే 30 ఫ్రేములు పోయినట్టే. మామూలు సాఫ్ట్‌వేర్‌కు లాంగ్వేజ్ ఎంచుకోవడానికి, గేమ్‌కు ఎంచుకోవడానికి తేడా ఇక్కడ వస్తుంది.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది

సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రామ్‌ను ముందుగానే యంత్రానికి నేరుగా అర్థమయ్యే రూపంలోకి మార్చేస్తారు. మెమరీలో ఏది ఎక్కడ ఉండాలి, ఎప్పుడు ఖాళీ చేయాలి అనేది కూడా రాసేవాడి చేతిలోనే ఉంటుంది. అందుకే వేగం. అయితే ఆ స్వేచ్ఛకు వెల ఉంది. ఖాళీ చేయడం మరచిపోతే ఆట సాగేకొద్దీ మెమరీ నిండిపోతుంది. ఖాళీ చేసిన చోటును మళ్లీ ముట్టుకుంటే గేమ్ అక్కడికక్కడే మూసుకుపోతుంది. ఎందుకు మూసుకుపోయిందో వెతకడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది.

పైథాన్ లాంటివి ఇందుకు పూర్తిగా భిన్నం. రాయడం తేలిక, చదవడం తేలిక, తప్పు దొరకడం తేలిక. ప్రతి లైనునూ నడుస్తుండగా అర్థం చేసుకుంటూ పోవాలి కాబట్టి, భారీ లెక్కలు పెడితే సీ ప్లస్ ప్లస్ కంటే పదుల రెట్లు నెమ్మది. సీ షార్ప్, జావా ఈ రెంటి మధ్యలో కూర్చుంటాయి. వేగం బాగానే ఉంటుంది, మెమరీ శుభ్రం చేసే బాధ్యత లాంగ్వేజే తీసుకుంటుంది.

ఇంతవరకు వింటే సీ ప్లస్ ప్లస్ ఒక్కటే నేర్చుకుంటే పోలేదా అనిపిస్తుంది. కానీ గేమ్ తయారు చేసే పని ఎలా సాగుతుందో చూస్తే ఆ ఆలోచన మారుతుంది. బొమ్మ ఎంత ఎత్తు ఎగరాలి అన్న ఒక్క అంకెను డజన్ల సార్లు మార్చి చూస్తారు. కాస్త ఎక్కువైతే గాల్లో తేలినట్టుంటుంది, తక్కువైతే బరువుగా ఉంటుంది. కాగితం మీద లెక్కేసి చెప్పలేం, ఆడి చూడాల్సిందే. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులో ఒక మార్పు చేస్తే మళ్లీ కంపైల్ అయ్యేదాకా ఎదురుచూడాలి. రోజుకు 50 సార్లు మార్చి, ప్రతిసారీ 2 నిమిషాలు ఆగితే 100 నిమిషాలు గోడకేసి చూడడానికే పోయాయి. స్క్రిప్టింగ్ లాంగ్వేజ్‌లో అదే మార్పు వెంటనే తెర మీద కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ప్రొడక్టివిటీ అనే పెద్ద మాటకు ఇక్కడ అర్థం ఇంతే. రోజుకు ఎన్నిసార్లు మార్చి చూడగలిగాం?

1999లో వచ్చిన రోలర్‌కోస్టర్ టైకూన్ అనే గేమ్‌ను క్రిస్ సాయర్ దాదాపు మొత్తం అసెంబ్లీ లాంగ్వేజ్‌లో రాశారు. అంటే యంత్రానికి ఆనుకుని ఉండే అత్యంత కష్టమైన పద్ధతి. అప్పటి కంప్యూటర్ల శక్తి అంతంతమాత్రం, పార్కులో తిరిగే జనమంతా ఒక్కొక్కరుగా కదలాలి, అందుకే ఆ తిప్పలు. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒక్కరే కూర్చుని చేశారు. బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రామ్ అన్నీ ఆయనవే. ఆయన ఎంచుకున్నది సీ షార్ప్. పొలం దున్ని, విత్తనాలు వేసి, ఊళ్లో వాళ్లతో మాట్లాడే ఆ గేమ్‌కు కంప్యూటర్ శక్తి కరువు లేదు. కరువల్లా ఆ ఒక్క మనిషి సమయానికే. సాయర్‌కు యంత్రం చాలలేదు, బరోన్‌కు రోజులు చాలలేదు. ఇద్దరూ తమకు ఏది తక్కువో దాన్ని చూసే లాంగ్వేజ్ తేల్చుకున్నారు.

ఒకే గేమ్, రెండు లాంగ్వేజ్‌లు

ఈ విషయంలో మైన్‌క్రాఫ్ట్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. చాలా ఇళ్లలో పిల్లలకు తెలిసిన గేమే. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ దీన్ని జావాలో రాసి 2009లో జనం ముందుకు తెచ్చారు. గేమ్స్‌కు జావా పనికిరాదని అప్పట్లో చాలామంది అనుకునేవారు. మెమరీ శుభ్రం చేసుకోవడానికి అది మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి. మైన్‌క్రాఫ్ట్‌లోనూ ఆ ఝటకాలు ఉండేవి. అయినా జావా వల్ల పెర్సన్ ఒక్కరే త్వరత్వరగా కొత్త విషయాలు చేర్చగలిగారు, అదే ప్రోగ్రామ్ విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ నడిచింది. పైగా జావా ప్రోగ్రామ్‌ను విప్పి చూడడం, మార్చడం తేలిక కావడంతో ఆడేవాళ్లే వేలకొద్దీ మాడ్స్ తయారు చేసుకున్నారు. గేమ్ అంతగా పాకడానికి అదీ ఒక కారణం.

తర్వాత ఫోన్ల వంతు వచ్చింది. 2011లో ఫోన్ల కోసం వచ్చిన పాకెట్ ఎడిషన్‌ను సీ ప్లస్ ప్లస్‌లో కొత్తగా రాశారు. అప్పటి ఫోన్ల బలహీనతకు, ఐఫోన్‌కు జావా పనికిరాకపోవడానికి అదే దారి. ఇప్పుడు బెడ్‌రాక్ ఎడిషన్ పేరుతో ఫోన్లలోనూ, గేమింగ్ కన్సోళ్లలోనూ నడిచేది ఆ సీ ప్లస్ ప్లస్ వంశమే. జావా ఎడిషన్ కూడా బతికే ఉంది. మధ్యలో 2014లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

ఇక్కడ గమనించాల్సింది వరుస. మొదట ఆలోచన త్వరగా బయటపడే లాంగ్వేజ్, ఆ తర్వాత అవసరం పడ్డాక వేగం ఇచ్చే లాంగ్వేజ్. పెర్సన్ మొదటి రోజే సీ ప్లస్ ప్లస్‌లో అన్నీ పక్కాగా రాయాలని కూర్చుని ఉంటే మైన్‌క్రాఫ్ట్ అసలు వచ్చేదో లేదో.

దీనికి తలకిందులైన కథ కూడా ఒకటుంది. జీటీఏ ఆన్‌లైన్ గేమ్ మొదలవడానికి కొందరి కంప్యూటర్లలో ఆరేసి నిమిషాలు పట్టేది. ఏళ్ల తరబడి ఆడేవాళ్లు తిట్టుకుంటూనే ఎదురుచూశారు. 2021లో బయటి ప్రోగ్రామర్ ఒకరు గేమ్‌ను విప్పి చూస్తే కారణం దొరికింది. అమ్మే వస్తువుల జాబితా ఉన్న 10 ఎంబీ ఫైలును చదివే పద్ధతే తప్పు. ఒక్కో వస్తువు చదివిన ప్రతిసారీ మిగిలిన ఫైలు పొడవంతా మళ్లీ కొలుస్తోంది. పైగా ప్రతి వస్తువునూ అప్పటిదాకా వచ్చిన వాటన్నిటితో పోల్చి చూస్తోంది. వస్తువులు 63 వేలు. ఆ రెండూ సరిచేస్తే ఎదురుచూపు దాదాపు 70 శాతం తగ్గింది. కంపెనీ ఒప్పుకుని గేమ్‌ను సరిదిద్దింది, ఆ ప్రోగ్రామర్‌కు 10 వేల డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది.

ఆ గేమ్ రాసింది సీ ప్లస్ ప్లస్‌లోనే. అన్నిటికంటే వేగమైన లాంగ్వేజ్ చేతిలో ఉండి కూడా ఆరు నిమిషాలు! కాబట్టి "ఫలానా లాంగ్వేజ్ ఫాస్ట్" అన్న మాటను కాస్త తగ్గించుకుని వినాలి. పని చేసే పద్ధతి తప్పైతే ఏ లాంగ్వేజూ కాపాడదు.

రెండూ కలిపి వాడేదే ఎక్కువ

నిజానికి ఇవాళ తయారయ్యే గేముల్లో చాలావాటికి ఒక్క లాంగ్వేజ్ సరిపోదు. బొమ్మలు గీయడం, భౌతికశాస్త్రం లెక్కలు, శబ్దం లాంటి బరువు పనులన్నీ ఇంజిన్ అనే సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అది సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. "తాళం దొరికితే తలుపు తెరుచుకో" లాంటి ఆట నియమాలు దాని పైన మరో తేలికైన లాంగ్వేజ్‌లో రాస్తారు.

యూనిటీ ఇంజిన్ లోపల సీ ప్లస్ ప్లస్, పైన రాసేది సీ షార్ప్. టెంపుల్ రన్, సబ్‌వే సర్ఫర్స్, ఫ్రీ ఫైర్ ఇందులో తయారైనవే. అన్‌రియల్ ఇంజిన్‌లో లోపలా పైనా సీ ప్లస్ ప్లసే. కోడ్ రాయకుండా డబ్బాలను తీగలతో కలిపినట్టు కలిపే బ్లూప్రింట్ అనే పద్ధతి కూడా ఉంది. పబ్జీ మొబైల్, దాని మన దేశపు రూపం బీజీఎంఐ అన్‌రియల్‌లో చేసినవి. అర్జెంటీనాలో పుట్టి 2014 నుంచి అందరికీ ఉచితంగా తెరిచిన గోడో ఇంజిన్‌లో జీడీస్క్రిప్ట్ రాస్తారు. చూడడానికి అది పైథాన్‌కు చెల్లెలిలా ఉంటుంది. రోబ్లాక్స్‌లో లువావ్ వాడతారు. దాని తల్లి అయిన లూవా 1993లో బ్రెజిల్‌లోని ఒక యూనివర్సిటీలో పుట్టింది, చిన్నది, తేలికైనది, అందుకే ఎన్నో గేముల లోపల దాక్కుని ఉంటుంది. పైథాన్ కూడా ఇలాగే పనికొస్తుంది. 2005 నాటి సివిలైజేషన్ 4 గేమ్‌లో నియమాలు, మార్పుచేర్పుల కోసం దాన్నే పెట్టారు.

అంటే ఇంటికి పునాది, స్లాబు కాంక్రీటుతో వేసి, లోపల గదులు విడదీయడానికి ప్లైవుడ్ వాడినట్టు. గోడ జరపాలంటే ప్లైవుడ్ సుఖం. స్లాబు ప్లైవుడ్‌తో వేస్తానంటేనే ప్రమాదం.

గేమ్ నెమ్మదిస్తే ఏం చేయాలి? ముందు కొలవాలి. ఏ పనికి ఎన్ని మిల్లీసెకన్లు పోతున్నాయో చూపించే ప్రొఫైలర్ అనే పరికరం ప్రతి ఇంజిన్‌లోనూ ఉంటుంది. తప్పు సాధారణంగా ఒకటి రెండు చోట్లే దొరుకుతుంది. గోడోలో అయితే ఆ ఒక్క భాగాన్ని సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చి రాసుకోవచ్చు, మిగతాది జీడీస్క్రిప్ట్‌లోనే వదిలేయొచ్చు. యూనిటీలో ఐఎల్‌టూసీపీపీ అనే పద్ధతి ఉంది, రాసిన సీ షార్ప్‌ను అది సీ ప్లస్ ప్లస్‌గా మార్చి ఫోన్‌లోకి పంపుతుంది.

సీ షార్ప్ విషయంలో కొత్తవాళ్లు తప్పకుండా తట్టుకుని పడే రాయి ఒకటుంది. దాన్ని గార్బేజ్ కలెక్షన్ అంటారు. వాడి వదిలేసిన వస్తువులను లాంగ్వేజే ఎత్తి పారేస్తుందని పైన చెప్పుకున్నాం కదా. ఎప్పుడు ఎత్తుతుందో మాత్రం మన చేతిలో ఉండదు. ఇఫ్తార్‌కు రెండు నిమిషాల ముందు వంట ఆపేసి గిన్నెలు తోమడం మొదలుపెడితే ఎలా ఉంటుందో, ఆట మధ్యలో అలా అవుతుంది. షాదీ దావత్‌లో కాగితం ప్లేట్లు వాడితే గంట గంటకూ చెత్త కుప్ప ఎత్తాలి. స్టీలు ప్లేట్లు కడిగి తిప్పుకుంటే కుప్పే ఉండదు. ప్రోగ్రామర్లూ అదే చేస్తారు. తుపాకీ గుండుకు ప్రతిసారీ కొత్త వస్తువు పుట్టించకుండా, ముందే 50 గుండ్లు తయారు చేసి పెట్టుకుని తిప్పి తిప్పి వాడతారు. దీన్ని పూలింగ్ అంటారు. యూనిటీ కూడా 2019 నుంచి ఆ శుభ్రం పనిని చిన్న చిన్న వాయిదాలుగా చేసే ఏర్పాటు ఇచ్చింది. ఈ ఒక్క విషయం నేర్పకుండా "యూనిటీ కోర్సు పూర్తి" అనే సెంటరు ఏదైనా ఉంటే, అక్కడ ఫీజు కట్టేముందు ఆలోచించుకోవాలి.

ఉర్దూ, తెలుగు అక్షరాలు తెర మీద ఎలా వస్తాయి

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఈ సంగతి దాదాపు కనిపించదు, మన ఇళ్లకు మాత్రం ఇది ముఖ్యం. చెల్లెలి కోసం ఉర్దూ ఖాయిదా నేర్పే చిన్న గేమ్, లేదా తెలుగు పదాల గేమ్ చేద్దామని పిల్లలు అనుకోవడం సహజం. మొదటి ప్రాజెక్టుగా అంతకంటే మంచిది లేదు కూడా. అక్కడే దెబ్బ తగులుతుంది.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగాలి, అక్షరాలు పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకోవాలి. "కితాబ్" అన్న మాటలో కాఫ్, తే, అలిఫ్ కలిసిపోయి బే విడిగా నిలబడాలి. తెలుగులో ఒత్తులు కింద చేరాలి. ఈ పనిని షేపింగ్ అంటారు. షేపింగ్ తెలియని ఇంజిన్‌లో "అమ్మ" కాస్తా "అమ్‌మ" అవుతుంది. ఉర్దూ మాట ఎడమ నుంచి కుడికి విడివిడి అక్షరాలుగా చెల్లాచెదరవుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ముస్లిం గేమ్ డెవలపర్ రామి ఇస్మాయిల్, పెద్ద పెద్ద గేముల్లో కూడా అరబీ రాత ఇలా విడిపోయి, తిరగబడి కనిపిస్తోందని ఏళ్లుగా ఎత్తిచూపుతున్నారు. కోట్లు పోసి చేసిన గేముల్లో గోడల మీద రాతలకే ఆ గతి.

యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకు ఈ షేపింగ్ తనంతట తానుగా రాదు, విడిగా ప్లగిన్లు తెచ్చుకోవాలి. అన్‌రియల్‌కు వచ్చు. గోడోలో 2023 మార్చిలో వచ్చిన 4.0 నుంచి కుడి నుంచి ఎడమకు సాగే రాతలు, ఒత్తులున్న రాతలు రెండూ సరిగ్గా వస్తున్నాయి. అయినా నస్తాలీఖ్ ఫాంట్ పెడితే ఇంకో చిక్కు. ఆ రాత ఏటవాలుగా కిందికి దిగుతుంది కాబట్టి లైనుకూ లైనుకూ మధ్య జాగా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే మాటల కొసలు కోసుకుపోతాయి. అలిఫ్, బే, పే వరకే నేర్పే గేమ్ అయితే ఇంత తంటా అక్కర్లేదు. అక్షరాలను బొమ్మలుగా పెట్టేస్తే ఏ ఇంజిన్‌లోనైనా సరిగ్గా కనిపిస్తాయి.

లాప్‌టాప్, లైసెన్సు, ఖర్చు

లాంగ్వేజ్ ఎంపిక చివరికి ఇంటి బడ్జెట్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. అన్‌రియల్ ఇంజిన్ పెట్టుకోవడానికి పదుల జీబీల జాగా కావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు, ఎక్కువ ర్యామ్ ఉంటేనే అది హాయిగా నడుస్తుంది. యూనిటీకి అంతకంటే తక్కువ చాలు. గోడో చాలా చిన్నది, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేకుండా నడుస్తుంది. అన్నయ్య డిగ్రీలో వాడి వదిలేసిన పాత లాప్‌టాప్‌లో 2డీ గేమ్ చేసుకోవడానికి అది సరిపోతుంది. గేమింగ్ లాప్‌టాప్ కొంటేనే నేర్చుకుంటా అనే పిల్లలకు ముందుగా ఇది చెప్పాలి.

నేర్చుకోవడానికి మూడూ ఉచితమే. డబ్బు రావడం మొదలయ్యాక తేడా తెలుస్తుంది. గోడోకు ఎప్పటికీ ఏమీ కట్టక్కర్లేదు. అన్‌రియల్‌లో గేమ్ మొత్తం ఆదాయం 10 లక్షల డాలర్లు దాటితే, దాటిన దానిపై 5 శాతం ఇవ్వాలి. యూనిటీ ఉచిత రకానికి ఏడాది ఆదాయం 2 లక్షల డాలర్ల వరకు పరిమితి. వినడానికి ఇవన్నీ దూరపు కొండలే. కానీ 2023 సెప్టెంబర్‌లో యూనిటీ ఒక ప్రకటన చేసింది, కొంత స్థాయి దాటిన గేములకు ఒక్కో ఇన్‌స్టాల్‌కు ఇంత చొప్పున వసూలు చేస్తామని. ఉచిత గేములు చేసే చిన్న డెవలపర్లు గగ్గోలు పెట్టారు. గేమ్ కొనని మనిషి కూడా డౌన్‌లోడ్ చేస్తే తాము డబ్బు కట్టాలా అని. కొందరు ఇంజినే మార్చేశారు. ఏడాది తర్వాత, 2024 సెప్టెంబర్‌లో కంపెనీ ఆ ఫీజును పూర్తిగా రద్దు చేసింది. సీ షార్ప్ వచ్చినవాళ్లకు అప్పుడు ఒక వెసులుబాటు దొరికింది, గోడోలోనూ సీ షార్ప్ రాయొచ్చు. ఇంజిన్ బటన్లు బట్టీపట్టినవాళ్ల కంటే లాంగ్వేజ్ నేర్చుకున్నవాళ్లు తేలిగ్గా గడప మార్చారు.

ఉద్యోగాల సంగతి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, బెంగళూరులో రాక్‌స్టార్, పూణెలో యుబిసాఫ్ట్ లాంటి పెద్ద స్టూడియోలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల ఇంజిన్, గ్రాఫిక్స్ పనులకు సీ ప్లస్ ప్లస్ అడుగుతారు, దాంతోపాటు గణితం. ఫోన్ గేములు చేసే చిన్న కంపెనీల్లో సాధారణంగా యూనిటీ, సీ షార్ప్. గణితం అంటే భయపడక్కర్లేదు, ఇంటర్ ఎంపీసీలో మాత్రికలు, సదిశలు ఉంటాయి కదా, గేమ్‌లో బొమ్మను తిప్పేది, జరిపేది అవే. "ఇవి ఎక్కడ పనికొస్తాయి సార్" అని క్లాసులో అడిగే పిల్లలకు జవాబు ఇక్కడ దొరుకుతుంది.

ఇంట్లో పెద్దలకు ఇంకో సందేహం ఉంటుంది. గేమ్స్ అంటే డబ్బు పెట్టి ఆడేవేనా, జూదమేనా అని. ఆ భయం ఊరికే రాలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా అలాంటివాటిని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు గేములను వేరుగా చూసింది. జూదం మన దీన్‌లో హరామ్ అన్నది అందరికీ తెలిసిందే. లాంగ్వేజ్ ఏదైనా దాంతో పొలం గేమ్ చేయొచ్చు, పేకాట యాప్ కూడా చేయొచ్చు. ఏ కంపెనీలో చేరుతున్నారు, అక్కడ ఏం తయారవుతోంది అన్నది చేరేముందు అడిగి తెలుసుకోవాలి. డబ్బు పెట్టి లోపల ఏముందో తెలియని డబ్బా కొనిపించే లూట్ బాక్సులు ఉన్న గేముల గురించి కూడా అడగాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి

పన్నెండు, పదమూడేళ్ల పిల్లలైతే స్క్రాచ్ చాలు, రాసేది ఏమీ లేకుండా దిమ్మెలు పేర్చుకుంటూ ఆలోచన నేర్చుకుంటారు. పదో తరగతి అయ్యాక గోడో, జీడీస్క్రిప్ట్‌తో మూడు నాలుగు చిన్న గేములు పూర్తి చేయడం మంచిది. ఇక్కడ "పూర్తి" అన్న మాట మీద పట్టుబట్టాలి. సగం చేసిన ఓపెన్ వరల్డ్ గేమ్ కంటే మొదలు, స్కోరు, ముగింపు అన్నీ ఉన్న బంతి గేమ్ ఎక్కువ నేర్పుతుంది. పైథాన్ ఇప్పటికే వచ్చినవాళ్లకు జీడీస్క్రిప్ట్ వారంలో పట్టుబడుతుంది. ఫోన్ గేముల ఉద్యోగం మీద దృష్టి ఉంటే ఆ తర్వాత యూనిటీ, సీ షార్ప్. పెద్ద స్టూడియో అనుకుంటే బీటెక్ మొదటి ఏడాది నుంచే సీ ప్లస్ ప్లస్ మొదలుపెట్టాలి. కాలేజీలో ఎలాగూ సీ నేర్పుతారు, దాన్ని పరీక్ష కోసం కాకుండా శ్రద్ధగా నేర్చుకుంటే సగం దారి అయినట్టే. మొదటి రోజే అన్‌రియల్‌తో దిగిన పిల్లలు చాలాసార్లు రెండో నెలలోనే లాప్‌టాప్ మూసేస్తారు. తెలివి తక్కువై కాదు, ఒక చిన్న మార్పు చూడడానికి పట్టే సమయం వాళ్ల ఓపికను తినేస్తుంది. ఆడపిల్లలకు కూడా ఇదే దారి, ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంటే బయటికి పంపాలా వద్దా అన్న వాదనతో పని లేకుండా ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

ఫీజు కట్టేముందు సెంటరు వాళ్లను ఒక్కటి అడగండి. మీ దగ్గర నేర్చుకున్న పిల్లలు చేసిన గేమ్ ఒకటి ఫోన్‌లో పెట్టి ఇవ్వమనండి. ఇచ్చిన గేమ్‌ను కొత్త ఫోన్‌లో చూడొద్దు. ఇంట్లో నానీ దగ్గరుండే, మూడు నాలుగేళ్లు వాడిన ఫోన్‌లో పావుగంట ఆడించండి. ఎక్కడ ఝటకాలు వస్తున్నాయి, ఫోన్ వెనక ఎంత వేడెక్కింది, బ్యాటరీ ఎన్ని శాతం దిగింది చూసి, అలా ఎందుకైందని ఆ పిల్లలనే అడగండి. ప్రొఫైలర్ తెరిచి చూపించగలిగితే అక్కడ నిజంగానే ఏదో నేర్పుతున్నారు.